నరం కాదట

జూన్ 2, సోమవారం

ఈ డైరీ టైర్ల కొట్టాయన కొత్త సంవత్సరానికి ఇచ్చాడు. ఇన్నాళ్ళూ అట్ట కూడా తెరవలేదు. ఇవాళ తెరిచానంటే, ఈ ముక్క నోటితో ఎవరికీ చెప్పదలుచుకోలేదు కాబట్టి.

పొద్దున లెక్కల టీచరుకి పాఠం చెబుతున్నాను. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది ఆవిడకి. బడిలో పిల్లలకి సింహస్వప్నమట, క్లచ్ దగ్గరకొచ్చేసరికి పిల్లి. మార్కెట్ మలుపు దగ్గర నా ఎడమ కంటికి షట్టర్ దిగింది. కొట్టు కట్టేసేటప్పుడు లాగుతారే, అలాగే పైనుంచి కిందికి. నొప్పి లేదు, మంట లేదు. కుడి కన్ను మూసి చూస్తే కటిక చీకటి. ఎర్రదీపం పడి పచ్చదీపం వచ్చేలోపు షట్టర్ మళ్ళీ పైకి లేచింది. మార్కెట్ ఉన్నచోటే ఉంది.

ఎండ, అంతే. ఎదురుగా వచ్చిన బస్సు అద్దం మీద పడి కళ్ళలో కొట్టింది.

ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పాను. వెనకాల నన్ను ‘హారన్ మేడం’ అంటారని నాకు తెలుసు. అననీ. హారన్ విన్నవాళ్ళే కదా బతికి బట్టకట్టింది.

జూన్ 3

కన్ను బాగుంది. ఎండే.

జూన్ 5, గురువారం

మళ్ళీ దిగింది. ఈసారి వంటింట్లో. అక్కడ ఎండ పడదు.

కళ్ళజోడు పాతబడిపోయిందని ఈయనతో అన్నాను. ఈయన గడియారాలు బాగుచేస్తారు. ముందుగదే కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని, గోటి మీద నిలబడేంత చక్రాలతో పొద్దస్తమానం కుస్తీ. తల ఎత్తకుండానే “మార్పించుకో” అన్నారు. ఇంట్లో ఉన్న మాటలన్నీ నేనే వాడేస్తానని ఈయన ఫిర్యాదు. అది కూడా పైకి అనరు, మొహంలో పెడతారు.

జూన్ 6, శుక్రవారం

కళ్ళజోడు కోసం వెళితే కంటి డాక్టరు చుక్కలు వేసి, దీపం పెట్టి, నా కంట్లోకి తన తల దూర్చినంత పని చేశాడు.

“లోపల చిన్న మెరుపు తునక కనిపిస్తోందమ్మా. ఇది కంట్లో పుట్టింది కాదు, కిందనుంచి కొట్టుకొచ్చింది.”

“కిందనుంచి అంటే?”

“మెడలోంచి. రేపే మెడకి స్కాన్ తీయించుకోండి. బీపీ ఉందా?”

“నాకు లేదు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఉంటుంది” అన్నాను.

నవ్వలేదు. పట్టీ కట్టి చూశాడు. ఉంది. ఉందని నాకు పోయినేడే తెలుసు. అప్పుడు నాలుగు రోజులు మాత్రలు మింగి మానేశాను. మింగినప్పుడూ ఒకేలా ఉన్నాను, మాననప్పుడూ... కాదు, మానినప్పుడూ ఒకేలా ఉన్నాను. మరి మింగడం దేనికి?

కంటికని వెళితే మెడకి పంపాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి. కళ్ళజోడు నంబరు మాత్రం రాసివ్వలేదు, మహానుభావుడు.

జూన్ 7, శనివారం

స్కాన్ అయింది. ఒక పిల్ల నా మెడకి చల్లటి జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరంతో దవడ కింద అటూ ఇటూ రుద్దింది. ఎడమ పక్క చాలాసేపు. తెర మీద ఎరుపూ నీలమూ పొంగుతున్నాయి.

“మెడ నరంలో అడ్డం ఉందమ్మా. బాగా మూసుకుపోయింది. రిపోర్టు ఇవాళే పెద్ద డాక్టరుకి చూపించండి” అంది.

నరం! ఓస్, ఇంతేనా. పక్కసీట్లో కూర్చుని జీవితమంతా మెడ తిప్పి తిప్పి వెనక చూసేదాన్ని, నరం పట్టెయ్యక ఏం చేస్తుంది? మెడనొప్పి నాకు కొత్తా? ఈ ముక్క చెప్పడానికి ఇంత పెద్ద యంత్రం, దానికి ఏసీ గది.

పెద్ద డాక్టరు సంగతి వచ్చేవారం చూద్దాం. ఇప్పుడు కొంపలేం అంటుకోలేదు.

ఇంటికొచ్చి ఈయన్ని కూర్చోబెట్టాను. ఈయన బొటనవేళ్ళ సంగతి నాకు తెలుసు. బిగుసుకుపోయిన గడియారం మూతలు పనిముట్టు లేకుండా తిప్పి తీసే వేళ్ళు. బామ్ చేతికిచ్చాను.

“ఎక్కడ?” అన్నారు.

“ఇదిగో, దవడ కింద. ఆ పిల్ల ఇక్కడే రుద్దింది. గట్టిగా పట్టండి, ఇదేం గడియారం కాదు విరగడానికి.”

పట్టారు. ఆ చేతుల కిందే కునుకు పట్టింది నాకు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ మనిషి నాతో మాట్లాడిందంతా ఇంచుమించు ఆ వేళ్ళతోనే.

జూన్ 8

ఇవాళా పట్టారు. మెడ తేలికపడింది. చెప్పానుగా, నరమేనని.

జూన్ 10, మంగళవారం

ఆసుపత్రి మంచం మీదనుంచి రాస్తున్నాను. డైరీ ఈయన తెచ్చిపెట్టారు. తెరిచి చదివి ఉండరు. చదివినా ఏమీ అనరు, అదొక సుఖం.

నిన్న పొద్దున లెక్కల టీచరు స్టీరింగ్ మీద ఉంది. నాలుగు రోడ్ల కూడలి వస్తోంది. ఎదర లారీ ఆగి ఉంది. ఆవిడ ఆగేలా లేదు. బ్రేక్ తొక్కండి అని అరవబోయాను.

“దువ్వెన తొక్కండి!” అన్నాను.

ఆవిడ కిసుక్కున నవ్వింది. “దువ్వెనా మేడం?”

“దువ్వెన! దువ్వెన!” కోపంతో అరుస్తున్నాను. అది తప్పు మాట అని నాకు తెలుస్తోంది. సరైన మాట నాలుక దాకా వచ్చి దువ్వెన అయిపోతోంది. సరే, నోరు పోతే పోయింది, నా వైపు కూడా ఒక బ్రేకు ఉంది కదా అని కుడి కాలు లేపబోయాను. లేవలేదు. కుడి చెయ్యి ఒళ్ళో ఎవరో మరిచిపోయి వెళ్ళిన సంచీలా పడుంది.

ఆపింది ఆవిడే. లారీకి జానెడు దూరంలో. ఇంజన్ ఆపింది, హ్యాండ్ బ్రేక్ లాగింది, హెచ్చరిక దీపాలు వేసింది. నేను చెప్పాల్సిన వరసలోనే, నేను చెప్పకుండా. నా మొహంలోకి చూసి, “మేడం, మీ మూతి ఒక పక్కకి వెళ్ళింది” అని అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

అంబులెన్స్ వచ్చేసరికి చెయ్యి లేచింది, మాటా వచ్చింది. “నాకేం లేదు, వెనక్కి పొండి, ట్రాఫిక్ ఆగిపోయింది” అన్నాను. టీచరు ఒక్క కేక వేసింది. “నోర్మూసుకుని ఎక్కండి!” పిల్లలకి సింహస్వప్నమంటే ఎందుకో అప్పుడు తెలిసింది. ఎక్కాను.

తలకి స్కాన్లు తీశారు. మెదడు క్షేమమట. అంటే ఉందని రుజువైంది. ఆ తర్వాత పెద్ద డాక్టరొచ్చాడు. పెద్ద డాక్టరంటే గడ్డం నెరిసినవాడు కాదు, నిన్నగాక మొన్న లైసెన్సు వచ్చినట్టున్నాడు. నా మెడ రిపోర్టు చూసి, “ఇది శనివారం నాటిది కదమ్మా. నా దగ్గరకి ఎందుకు రాలేదు?” అన్నాడు.

“నరం పట్టేసిందన్నారు. దానికి పరుగెత్తుకుని రావాలా?”

“నరమని ఎవరన్నారు?”

“మీ స్కాన్ పిల్లే.”

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మనం అన్నిటినీ నరమే అంటామమ్మా. పట్టేసేదీ నరమే, సూది గుచ్చి రక్తం తీసేదీ నరమే. ఇది మీరనుకునే నరం కాదు. గుండెనుంచి మెదడుకి రక్తం మోసుకెళ్ళే నాళం. కెరోటిడ్ అంటారు. మెడకి అటొకటి, ఇటొకటి. మీ ఎడమ దాంట్లో కొవ్వూ సున్నమూ కలిసి గారలా పేరుకుంది. ఎనభై శాతం మూసుకుపోయింది. ఆ గార మీద రక్తం గడ్డకడుతుంది, పెచ్చు ఊడుతుంది. ఊడిన ముక్క కంటికి పోతే కంటికి చీకటి. మెదడుకి పోతే మాటా, కుడి పక్కా. నిన్నటిది కరిగిపోయింది. కరగకపోతే దాన్నే పక్షవాతం అంటాం.”

“మరి ఇన్నాళ్ళూ నాకు మెడ నొప్పెట్టిందే?”

“అది కండరాలది, వేరే. దీనికి నొప్పి ఉండదు. నొప్పి ఉంటే ముందే వచ్చేవారు కదా.”

“నొప్పని దవడ కింద పట్టించుకున్నానే” అన్నాను. ఊరికే అన్నాను. నా నోటికి ఆ అలవాటు ఉంది.

డాక్టరు చటుక్కున తలెత్తాడు. “ఎవరు పట్టారు?”

ఈయన మంచం పక్కన నిలబడి ఉన్నారు. హాజరు పిలిస్తే బడిపిల్లాడు ఎత్తినట్టు చెయ్యి ఎత్తారు.

“దానివల్లే వచ్చిందని చెప్పలేమండీ. ముందే రెండుసార్లు దానంతట అదే ఊడి కంటికి వెళ్ళింది కదా. ఇకమీదట మాత్రం ఆ చోట వేలు పెట్టకండి.”

మొదటి రెండు మాటలూ ఈయన వినలేదు. చివరిదే విన్నారు. నేను చూస్తూనే ఉన్నాను.

జూన్ 11, బుధవారం

ఆపరేషనట. మెడ కోసి, నాళం తెరిచి, గార గీకేసి, మళ్ళీ కుడతారట. మత్తు మెడ వరకే, మనిషి మెలకువగా ఉండాలట. మాట్లాడుతూనే ఉండాలట, మెదడుకి రక్తం అందుతోందో లేదో మాటని బట్టి తెలుస్తుందట.

“మీరు పీక కోస్తుంటే నేను కబుర్లు చెప్పాలా?”

“అవునమ్మా.”

“ఆ కోయడంలో పక్షవాతం రాదని రాసిస్తారా?”

“రాసివ్వలేను. నూటికి ఇద్దరు ముగ్గురికి రావచ్చు. చెయ్యకపోతే వచ్చే అవకాశం దానికి ఎన్నో రెట్లు. అందులోనూ ఈ మొదటి రెండు వారాలే గండం.”

పక్షవాతం రాకుండా ఉండడానికి పక్షవాతం తెప్పించే ఆపరేషన్. దొంగని పట్టుకోవడానికి దొంగచేతికే తాళాలు ఇవ్వమంటున్నాడు. ఒద్దన్నాను. నా ఇష్టంతోనే పోతున్నానని సంతకం పెట్టి, సంచీ సర్దుకుని వచ్చేశాను. రక్తం పలచబడే మాత్ర, కొవ్వు మాత్ర, బీపీ మాత్ర ఇచ్చాడు. ఇవి చాలు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి భయపడి ఉంటారు.

జూన్ 12

లెక్కల టీచరు వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే మొదలెట్టింది.

“నూటికి ఇద్దరు ఎక్కువా, దానికి ఎన్నో రెట్లు ఎక్కువా? మేడం, ఇది నాలుగో తరగతి లెక్క.”

“నేను నూట్లో ఉండను. నేను ఒక్కదాన్నే ఉన్నాను. నాకొస్తే నూటికి నూరు.”

“రాకపోతే?”

“రాదని మీకంత నమ్మకముంటే ఇలా పరుగెత్తుకొచ్చేవారు కాదు. టీ తాగండి.”

ఆవిడ టీ తాగింది. గుమ్మం దగ్గర ఆగి, “ఆ రోజు నేను లారీని చూసి బ్రేక్ వెయ్యలేదు మేడం. మీ మొహం చూసి వేశాను” అని వెళ్ళిపోయింది. తిట్టిపోసి ఉంటే హాయిగా ఉండేది.

కన్ను బాగుంది. చెయ్యి బాగుంది. దువ్వెనని దువ్వెన అనే అంటున్నాను.

జూన్ 13, శుక్రవారం

ఈయన పని ముట్టుకోవడం లేదు. నిన్న ఒకాయన తాతగారి నాటి గడియారం తెస్తే, వేరేవాళ్ళకి చూపించుకోమని పంపేశారు. మా పెళ్ళయ్యాక ఆ మాట ఈ గుమ్మంలో వినలేదు నేను. బల్ల ముందు కూర్చుంటారు, చేతులు బల్ల కింద. భోజనం దగ్గర కంచం అందిస్తే వేళ్ళు నాకు తగలకుండా అంచు పట్టుకుని తీసుకుంటున్నారు.

మధ్యాహ్నం పోనీ కదా అని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. “భుజం లాగేస్తోంది. మెడ కాదు, భుజమే. కాస్త పట్టండి.”

“వద్దు.”

“భుజానికేం అవుతుందండీ?”

“వద్దన్నానా.”

గొంతు పెంచడం ఈయనకి రాదు. పెంచబోతే విరిగింది. నేను ఊరుకోకూడదనుకున్నాను కాబట్టి ఊరుకోలేదు. “గట్టిగా పట్టమన్నది నేను. చోటు చూపించింది నేను. నరమని చెప్పింది నేను. మధ్యలో మీరెవరు తప్పు చెయ్యడానికి? నా తప్పుల్లో వాటా అడిగితే ఇవ్వను.”

అప్పుడు మాట్లాడారు. ఇన్నేళ్ళలో ఒక్క బిగిన అన్ని మాటలు ఆయన నోట వినడం ఇదే.

“సోమవారం పొద్దున కూడా పట్టాను. నువ్వు ఫోన్లో ఎవరికో లైసెన్సు గొడవ చెబుతున్నావు, నీకు ధ్యాసే లేదు. నువ్వు అడగలేదు కూడా. వెనకనుంచి వచ్చి నేనే పట్టాను. నువ్వు అటు వెళ్ళావు, గంట తిరక్కుండా ఫోనొచ్చింది.” తన వేళ్ళ వంక చూసుకున్నారు. “ఇప్పుడైతే నా తప్పు లేదని నువ్వు నాతో పోట్లాడుతున్నావు. మళ్ళీ వస్తే నీకు మాట పోతుందట. అప్పుడు ఆ పోట్లాడ్డానికి కూడా నీకు నోరుండదు. నాకెవరు చెప్తారు?”

వంటింట్లోకి వెళ్ళి కడిగిన కంచాలే మళ్ళీ కడిగాను.

సాయంత్రమంతా ఈ పేజీ ముందు కూర్చున్నాను. నిజం రాయాలి, ఎవరూ చదవరు కదా. నాకు భయం. మాట పోతుందని భయం. అది పోయాక మిగిలేది పక్కసీట్లో కూర్చున్న ముసలిదే. అందుకే ఆపరేషన్ వద్దన్నాను, లెక్క తెలియక కాదు. ఇంట్లో ఉంటే ఆ వచ్చేదేదో నేను చూడనప్పుడు వస్తుందనుకున్నాను.

కానీ ఇంట్లో వస్తే అది ఈయన వేళ్ళ ఖాతాలో పడుతుంది. డాక్టరు ఎన్ని చెప్పినా పడుతుంది. ఆ బల్ల ముందు చేతులు దాచుకుని, బతికినంతకాలం కూర్చుంటారు. ఆపరేషన్ బల్ల మీద వస్తే అది కత్తిది, డాక్టరుది, నా తలరాతది. ఈయనది మాత్రం కాదు.

నా మనిషిని హంతకుణ్ణి చెయ్యడానికి ఆ గార ముక్క ఎవతె?

జూన్ 14

డాక్టరుకి ఫోన్ చేశాను. “మంగళవారం చేస్తాను” అన్నాడు. “చెయ్యండి. కానీ నేను మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకండి” అన్నాను.

ఈయనకి చెప్పాను. ఎందుకు మనసు మారిందని అడిగారు. టీచరు లెక్క బాగా చెప్పిందన్నాను.

జూన్ 16

రేపే. భయం లేదు. భయం లేదు.

రెండుసార్లు ఎందుకు రాశానో.

జూన్ 19, గురువారం

అక్షరాలు వంకరగా ఉన్నాయి కానీ అవి ఎప్పుడూ అంతే. కుడి చెయ్యి నాదే. మెడ మీద చెవి కిందనుంచి కుట్లు. గొంతు బొంగురు. హారన్ మార్చాలి.

బల్ల మీద ఏం జరిగిందో రాసుకోవాలి, మళ్ళీ మరిచిపోతాను.

మొహం మీద గుడ్డతో చిన్న గుడారం వేశారు. కుడి చేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బాతుని పెట్టారు. “నేను నొక్కమన్నప్పుడల్లా నొక్కండి, మిగతా టైమంతా మాట్లాడండి” అంది మత్తు డాక్టరమ్మ. నోరు తగ్గించుకోమన్నవాళ్ళే తప్ప, ఆపొద్దన్న మనిషి నాకు ఈ జన్మలో తగల్లేదు. డ్రైవింగ్ వచ్చా అని అడిగాను. వచ్చట, రివర్స్ మాత్రం రాదట. ఇంకేం.

“వెనక అద్దాన్ని నమ్ముకోకండి. మెడ పూర్తిగా తిప్పి చూడాలి.”

“మీరు మాత్రం తిప్పకండి” అన్నాడు గుడారం అవతలనుంచి డాక్టరు.

“మిమ్మల్ని అడ్డురావద్దన్నానా?”

బాతు కీచుమంది. ఎవరో నవ్వారు. ఎక్కడో లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. ఒకసారి డాక్టరు “ఇప్పుడు రక్తం ఆపుతున్నాం, మాట్లాడుతూ ఉండండి” అన్నాడు. నేను హాఫ్ క్లచ్ దగ్గరున్నాను. అది అసలు కీలకం. క్లచ్ సగం వదిలి, బండి వణుకుతుంటే దాన్ని ఆ వణుకు మీదే పట్టుకోవాలి. అదంతా విడమరిచి చెప్పాను. కాస్త హడావుడి వినిపించింది, “గొట్టం పెట్టండి, త్వరగా” అని. నేను చెబుతూనే ఉన్నాను. తర్వాత స్టీరింగ్ ఎటు తిప్పితే బండి ఎటు పోతుందో చెప్పాను. కుట్లేసేసరికి పార్కింగ్ కూడా అయిపోయింది.

పెచ్చులన్నీ తీసి సీసాలో వేసి చూపించాడు డాక్టరు. పసుపుపచ్చగా, గోరంత. ఇంత దానికా ఇంత పొగరు? కుడి పక్క నాళంలో కూడా సగం ఉందట. దాన్ని ఇప్పుడు కొయ్యక్కర్లేదు, మాత్రలు మానకుండా వేసుకుని ఏటా స్కాన్ తీయించుకుంటే చాలట. వేసుకుంటున్నాను. కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దన్నాడు. ఆ ‘కొన్నాళ్ళు’ సంగతి బేరమాడాలి.

ఇవాళ కట్టు మార్చడానికొచ్చిన నర్సు నవ్వుకుంటోంది. ఏమిటని గద్దించాను.

“రక్తం ఆపినప్పుడు మీకు మాటలు పోయాయి కదమ్మా. బాతు కూడా పలకలేదు. అందరం హడలిపోయాం. మెదడుకి రక్తం వెళ్ళడానికి వేరే గొట్టం పెట్టేదాకా మీరు ఒక్కటే మాట అంటున్నారు.”

“ఏ మాట? క్లచ్చా?”

“కాదమ్మా. ‘ఏమండీ, ఏమండీ’ అని. మా డాక్టరుగారు తనని పిలుస్తున్నారనుకుని, ‘ఇక్కడే ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను’ అంటూనే ఉన్నారు, పాపం.”

నేను హాఫ్ క్లచ్ చెబుతున్నాననే అనుకున్నాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పాననే ఇప్పటికీ అనిపిస్తోంది. మాటలన్నీ నన్నొదిలి పోతుంటే ఆ ఒక్కటి చూరు పట్టుకుని వేలాడిందన్నమాట.

నర్సు వెళ్ళాక ఈయన లోపలికొచ్చారు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా కుడి చెయ్యి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసి పట్టడం మొదలుపెట్టారు. బొటనవేలితో, గట్టిగానే.

“లోపల అంతసేపు ఏం మాట్లాడావు?” అన్నారు.

“డాక్టరమ్మకి రివర్స్ నేర్పాను.”

“ఆపకుండానా?”

“ఆపకుండా.”

అసలు సంగతి చెప్పలేదు. చెప్పను కూడా. తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు.